ఇంటిల్లిపాదికీ చోటుంది.. బండికే చోటు లేదు!

* సరిహద్దు తాలూకాల్లో ఏడు సీట్ల బళ్లకు గిరాకీ
* పాత వీధుల్లో నిలిపేందుకు నిత్యం తంటాలు
* గేటు ముందు గొడవలు.. అంబులెన్సుకూ దారి కరవు

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి: తిరుమల ప్రయాణమంటే తెల్లవారుజామున మూడు గంటలకే ఇల్లు లేస్తుంది. తాత, అవ్వ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ. మొత్తం ఏడుగురు. పులిహోర డబ్బా, నీళ్ల క్యాను, దుప్పట్లు, తలనీలాలిచ్చే పిల్లోడి కొత్త బట్టలు. అన్నీ సర్దుకుని ఇన్నోవా ఎక్కితే మదనపల్లె, పీలేరు మీదుగా పొద్దెక్కేలోగా అలిపిరి చేరిపోవచ్చు. బస్సు కోసం పడిగాపులు లేవు. రెండు టాక్సీలు మాట్లాడే ఖర్చూ లేదు. ఒకే బండిలో ఇంటిల్లిపాదీ.

ఇంతవరకు బాగానే ఉంది. మర్నాడు రాత్రి తిరిగొచ్చాకే అసలు కథ మొదలవుతుంది. వీధి మొదట్లో ఎవరిదో బొలెరో. ఎదురింటి ముందు రెండు మోటారు సైకిళ్లు. తమ గుమ్మం ముందు ఎవరో ఇసుక పోయించారు. నిద్రపోతున్న పిల్లల్ని దింపి, సామాన్లు మోసి, డ్రైవరు సీట్లో ఉన్నాయన బండి పెట్టే చోటు కోసం ఊరంతా తిరగాలి. కొండ మీద దర్శనానికి క్యూలో నిలబడినంత ఓపిక ఇక్కడా కావాల్సిందే.

ఇది ఏ ఒక్క ఇంటి గోడో కాదు. చిక్కబళ్లాపురం బజారు వీధి చుట్టుపక్కల, చింతామణి పాత పేటలో, బాగేపల్లి ఇరుకు సందుల్లో పెద్ద బండి కొన్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే. ‘బండి కొనేది కాదు, యాడ నిలిపేది అనేదే కష్టం’ అన్న మాట ఈ ప్రాంతంలో సామెతలా మారింది.

సర్వీసు జీపు నుంచి క్రిస్టా దాకా..

ఒకప్పుడు ఈ తాలూకాల్లో పెద్ద బండి అంటే సర్వీసు జీపే. చేలూరు, బాగేపల్లి, చింతామణి దారుల్లో జనాన్ని కుక్కుకుని తిరిగే మహీంద్రా జీపులు, ట్రాక్సులే దిక్కు. పెళ్లికి వెళ్లాలంటే మెటాడోరు మాట్లాడుకునేవారు. 1984లో మారుతి ఓమ్ని వచ్చాక పట్టణాల్లో కొన్ని కుటుంబాలకు సొంత వ్యాను అమరింది. దాని పొడవు 11 అడుగులే. ఏ సందులోనైనా దూరేది. ఏ అరుగు పక్కనైనా ఒదిగేది.

1994లో టాటా సుమో రావడంతో లెక్క మారింది. టాటా మోటార్స్‌ను నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలతోనే దానికి ఆ పేరు పెట్టారు. 2000లో బిడది కర్మాగారం నుంచి టయోటా క్వాలిస్ రోడ్డెక్కింది. అదే ఏడాది మహీంద్రా బొలెరో వచ్చింది. బెంగళూరు కాల్‌ సెంటర్లకు తిరిగిన క్వాలిస్‌లు కొన్నేళ్లకు సెకండ్‌ హ్యాండ్‌లో ఇటు దిగాయి. 2005లో క్వాలిస్‌ను ఆపి ఇన్నోవా తెచ్చారు. 2016లో క్రిస్టా, 2022 చివర్లో హైక్రాస్ వచ్చాయి. ఇంత డబ్బు పెట్టలేనివారికి 2012లో వచ్చిన మారుతి ఎర్టిగా అందుబాటు బండి అయింది.

సరిహద్దుకు అవతలా ఇదే వరస. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 నుంచి అక్కడే మూడు వరసల కారెన్స్ తయారవుతోంది. ఒకపక్క బిడది, మరోపక్క పెనుకొండ. దేశంలో పెద్ద కుటుంబాలు ఎక్కే బళ్లలో పేరున్నవి కొన్ని మనకు అటూ ఇటూ తయారవుతున్నాయి. వాటిని నిలిపే చోటు మాత్రం మన వీధుల్లో తయారు కావడం లేదు.

ఎందుకింత మోజు?

ఈ మూడు తాలూకాల బతుకే రెండు రాష్ట్రాల మధ్య ఉంది. బాగేపల్లి ఆడపిల్లను కదిరి వైపు ఇస్తారు. చింతామణి కోడలు మదనపల్లె నుంచి వస్తుంది. గోరంట్లలో పెళ్లి, హిందూపురంలో కర్మాంతరం, చిక్కబళ్లాపురంలో ఆసుపత్రి, బెంగళూరులో పిల్లల ఉద్యోగం. ఏ కార్యమైనా ఇద్దరు ముగ్గురితో తెమలదు. పెద్దవాళ్లను వదిలేసి వెళితే మర్యాద కాదు.

గుళ్లు, జాతరలు సరేసరి. గురుపూర్ణిమకు కైవారం తాతయ్య సన్నిధికి, మాఘంలో ఊరి జాతరలకు, లేపాక్షికి, కదిరి నరసింహుడికి, ఘాటి సుబ్రహ్మణ్యానికి కుటుంబమంతా కలిసే బయల్దేరుతుంది. దీనికితోడు సేద్యం పనులు. వెనక సీటు మడిస్తే నాలుగు టమోటా పెట్టెలు, రెండు చెనక్కాయ బస్తాలు పడతాయి. అందుకే పల్లెల్లో బొలెరో, పట్టణాల్లో ఇన్నోవా, ఎర్టిగాలు ఇంటి మనుషుల్లా కలిసిపోయాయి.

పాతకాలంలో ఇంటి ముందు ఎద్దుల బండి ఉంటే ఎంత గౌరవమో, ఇప్పుడు తెల్ల ఇన్నోవా ఉంటే అంత గౌరవం. సంబంధం చూడ్డానికొచ్చినవాళ్లు ఇంటికంటే ముందు బండినే చూస్తారన్న మాట ఉంది. ఎద్దుల బండిని మాత్రం కాడి ఎత్తి గోడకు ఆనిస్తే సరిపోయేది. ఇన్నోవాకు ఆ వీలు లేదు.

అడుగుల లెక్క చూస్తే..

షోరూములో బండి ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ఇంటికొచ్చాకే దాని కొలత తెలుస్తుంది. బొలెరో పొడవు 13 అడుగులు. ఎర్టిగా 14 అడుగుల 5 అంగుళాలు. కారెన్స్ దాదాపు 15 అడుగులు. క్రిస్టా పదిహేనున్నర అడుగులు. హైక్రాస్ ఇంకో అంగుళం ఎక్కువ. క్రిస్టా వెడల్పు అద్దాలు కాకుండానే ఆరడుగులు. తలుపు తీసి మనిషి దిగాలంటే పక్కన మరో రెండడుగులన్నా ఉండాలి.

సాధారణంగా ఒక కారు నిలిపేందుకు 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు కావాలని లెక్క కడతారు. అంటే సుమారు 135 చదరపు అడుగులు. మన లేఅవుట్లలో మధ్యతరగతి వాళ్లు కొనే సైట్ 20 అడుగులకు 30. మొత్తం 600 చదరపు అడుగులు. ఇందులో ఐదో వంతుకు పైగా బండికే పోతుంది. మిగిలిన దాంట్లో మెట్లు, సంపు, గుమ్మం, వసారా, ఇల్లు. అందుకే కింద అంతా ఖాళీ వదిలి పైన ఇల్లు కట్టేవారు పెరుగుతున్నారు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ బండి కోసం మెట్లెక్కాల్సి వస్తోంది.

కొందరు సంపు మీదే బండి నిలుపుతారు. క్రిస్టా ఒక్కటే ఖాళీగా ఉన్నా దాదాపు 1,800 కిలోల బరువుంటుంది. నీళ్లు తోడుకోవడానికి వేసిన పలుచని మూతలు, పాత బండలు అంత బరువుకు ఆగవు. చక్రం దిగబడితే బండికి దెబ్బ, సంపుకు చిల్లు. ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రీకి చెప్పి పైకప్పుకు కమ్ములు బలంగా వేయించుకోవాలి. మూతను చక్రాలు నడవని వైపు పెట్టించుకుంటే మరీ మంచిది.

ఇంకో తంటా ర్యాంపు. రోడ్డు కంటే ఇంటి గచ్చు ఎత్తుగా ఉంటుంది. బండి ఎక్కించడానికి మురుగు కాలువ మీదుగా రోడ్డు దాకా సిమెంటు వాలు పోసేస్తారు. వానొస్తే కాలువ మూసుకుపోయి నీళ్లన్నీ పక్కింట్లోకి. నగరసభ వాళ్లు వచ్చి పగలగొడితే మళ్లీ ఖర్చు. కాలువపై తీసి పెట్టుకునే ఇనుప జల్లెడ వేసుకుంటే ఈ రెండు బాధలూ తప్పుతాయి.

ఆరడుగులు మిగిలితే అంబులెన్సు ఎలా?

ఇంట్లో చోటు లేనివారంతా వీధినే నమ్ముకుంటారు. పాత పేటల్లో వీధులు బళ్లను చూసి వేసినవి కావు. జనం నడకకు, మహా అయితే ఒక ఎద్దుల బండికి సరిపోయేలా వేసినవి. పన్నెండడుగుల వీధిలో ఆరడుగుల బండి నిలిపితే మిగిలేది ఆరడుగులు. 108 అంబులెన్సుకు అంతకంటే ఎక్కువే కావాలి. పదహారు అడుగుల వీధిలో రెండు వైపులా రెండు పెద్ద బళ్లు ఎదురెదురుగా నిలిపితే నాలుగడుగులే మిగులుతుంది. గుండెనొప్పి వచ్చినాయన్ను మంచం మీద వీధి చివరిదాకా మోసుకుపోవడం తప్ప మరో దారి ఉండదు. ఇక అగ్నిమాపక బండి మాటే ఎత్తక్కర్లేదు.

నిప్పు, రోగం రోజూ రావు. నీళ్ల ట్యాంకరు మాత్రం తరచుగా వస్తుంది. ఎండాకాలంలో ఈ బయలుసీమ పట్టణాల్లో ట్యాంకరు తిరగకపోతే పొయ్యి వెలగదు. ఎవరిదో బండి అడ్డం ఉంటే హారన్ మోత, అరుపులు, చివరికి మాటామాటా. గోడ గోడ కలిసిన ఇళ్లవాళ్లు, పండగకు ఓళిగలు పంచుకునేవాళ్లు బండి పెట్టే చోటు దగ్గర మొహాలు తిప్పుకుంటున్నారు. ఒకరు గేటు ముందు రాళ్లు పెడతారు. మరొకరు పూలకుండీలు పెడతారు. అద్దానికి గీత పడితే ఎవరి మీదో అనుమానం. పోలీసు స్టేషన్ దాకా వెళ్లకుండా ఊరి పెద్దమనుషులే సర్దిచెప్పాల్సి వస్తోంది.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. వీధి మలుపులో, కాలిబాట మీద, నాలుగు రోడ్ల కూడలి దగ్గర, మరొకరి గేటుకు అడ్డంగా బండి నిలపకూడదు. తమ గేటు ముందున్నా రోడ్డు రోడ్డే. అది ఇంటివారి సొత్తు కాదు. ‘మా ఇంటి ముందు మా బండి’ అన్న వాదన చెల్లదు. అలాగని ఎదుటివాళ్లు రాళ్లు పెట్టి రోడ్డు ఆపడమూ చెల్లదు.

బజారుకు వెళితే బండి భారమే

పట్టణం నడిబొడ్డున పరిస్థితి మరీ ఘోరం. చిక్కబళ్లాపురం బి.బి. రోడ్డులో, చింతామణి చేలూరు రోడ్డులో, బాగేపల్లి ప్రధాన రహదారిలో పండగల ముందు పెద్ద బండితో వెళ్లడమంటే తలప్రాణం తోకకు రావడమే. చీరల అంగడి ముందు ఆడవాళ్లను దింపి, ఆయన చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. వాళ్లు కొనడం అయ్యేసరికి ఈయన మూడు రౌండ్లు కొట్టేస్తాడు. సంత రోజైతే ఆ తిరగడానికీ వీలుండదు.

చిక్కబళ్లాపురానికి వారాంతపు రద్దీ అదనం. నంది కొండకు తోడు ఆవులగుర్కి దగ్గర ఈశా ఆదియోగి విగ్రహాన్ని 2023 జనవరి 15న ఆవిష్కరించాక శని, ఆదివారాల్లో బెంగళూరు బళ్లు బారులు తీరుతున్నాయి. స్థానికులు ఆ రెండు రోజులు పెద్ద బండిని కదపకుండా స్కూటరు మీదే పనులు చక్కబెట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నారు. నిజానికి కూరగాయలకు, పిల్లల బడికి ఏడు సీట్ల బండి తీయడం దండగే. ఒక్క మనిషి కోసం ఆరు ఖాళీ సీట్లను ఊరంతా తిప్పినట్టు అవుతుంది.

ఏడుగురు ఎక్కితే సామాను ఎక్కడ?

పెద్ద బండి కొన్నాక చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఇంకోటి ఉంది. మూడు వరసలూ నిండితే వెనక సామాను చోటు దాదాపు ఉండదు. ఎర్టిగాలో మూడో వరస వేసి ఉంటే మిగిలేది 209 లీటర్ల చోటు. కారెన్స్‌లో 216 లీటర్లు. హైక్రాస్‌లో 300 లీటర్లు. మూడో వరస మడిస్తే ఎర్టిగాలోనే 550 లీటర్లకు పెరుగుతుంది. అంటే ఏడుగురు మనుషులో, నాలుగు రోజుల సామానో.. ఏదో ఒకటే.

అందుకే పైన క్యారియరు బిగించి మూటలు కడతారు. ఎత్తయిన బండికి నెత్తిన బరువు పెడితే మలుపుల్లో ఒరుగుతుంది. ఘాట్ రోడ్డులో ఇది మరీ ప్రమాదం. బరువైన సామాను కింద, తేలికైన దుప్పట్లు పైన పెట్టుకోవడం మేలు.

మూడో వరసలో ఎవరు కూర్చోవాలన్నదీ చిన్న సమస్య కాదు. పెద్దవాళ్లు వంగి దూరలేరు. చివరికి పిల్లలకే ఆ చోటు. బండి వెనక భాగానికి దగ్గరగా ఉండే ఆ సీట్లో బెల్టు పెట్టుకోవడం మరీ ముఖ్యం. పాత సుమోలు, బొలెరోలు కొన్నింట్లో వెనక సీట్లు ఎదురెదురుగా పక్కవాటుగా ఉంటాయి. అక్కడ కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఆధారం తక్కువ. బెల్టు లేకుంటే 1,000 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. జరిమానా కంటే ప్రాణం ఖరీదు ఎక్కువ.

మరవలేని అక్టోబరు

చోటుంది కదా అని ఎక్కించేయడం, రోడ్డు వెడల్పుగా ఉంది కదా అని నిలిపేయడం. ఈ రెండు అలవాట్లూ ప్రమాదమేనని ఈ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2023 అక్టోబరు 26 ఉదయం చిక్కబళ్లాపురం శివారులో 44వ నంబరు జాతీయ రహదారిపై ఆగి ఉన్న ట్యాంకరును టాటా సుమో ఢీకొంది. 13 మంది ప్రాణాలు పోయాయి. దట్టమైన పొగమంచులో ముందున్న ట్యాంకరు కనిపించలేదు. చనిపోయినవారిలో ఎక్కువమంది సరిహద్దు అవతల నుంచి పొట్ట చేతబట్టుకుని బెంగళూరు పనులకు పోతున్న ఆంధ్ర పల్లెల జనమే. దసరాకు ఊరొచ్చి తిరుగు ప్రయాణమైనవారు.

ఆ రోజు బండి పెద్దదే. రోడ్డూ పెద్దదే. చలికాలంలో నంది కొండల చుట్టూ తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుందని ఈ దారిన తిరిగేవారందరికీ తెలుసు. మంచు విడిచేదాకా ఒక గంట ఆగితే కూలి గంట పోతుంది, అంతే. రహదారి పక్కన బండి ఆపాల్సి వస్తే తారు రోడ్డు దిగి పూర్తిగా పక్కకు తీసి, నాలుగు లైట్లూ మినుకుమనేలా వేసి, వెనక ఎర్ర త్రికోణం పెట్టాలి. టీ తాగడానికైనా సరే, రోడ్డు మీద ఆపకూడదు.

ఇంటి దగ్గర మరో జాగ్రత్త. ఎత్తయిన బండి వెనక ఆడుకునే చిన్నపిల్లలు డ్రైవరుకు కనిపించరు. 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు. అంతకుముందు కొన్న బళ్లకు అవి ఉండకపోవచ్చు. రివర్సు తీసేముందు ఇంట్లో ఒకరు దిగి చూడటమే అన్నిటికంటే మంచి సెన్సారు.

ఖర్చుల్లోనూ పెద్దదే

కర్ణాటకలో పెట్రోలు, డీజిలు కార్లకు జీవితకాల పన్ను ధరను బట్టి పెరుగుతుంది. 10 లక్షలు దాటి 20 లక్షల లోపు బండికి 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం. సెస్సు అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 4 మీటర్ల లోపు చిన్న ఇంజిను కార్లకు 18 శాతం కాగా, నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం. ఎర్టిగా అయినా, ఇన్నోవా అయినా ఈ పెద్ద పద్దులోకే వస్తుంది.

ఆంధ్రలో బంధువుల పేరున తక్కువకు దొరికిందని అక్కడి నంబరు బండి తెచ్చుకునేవారూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. పాత ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. బండి వయసును బట్టి ఇక్కడి పన్ను కట్టాలి. ఇవన్నీ లెక్క వేసుకోకుండా కొంటే చవక బేరం తడిసి మోపెడవుతుంది.

ఒక్క ఊరట టోలు దగ్గరే. బాగేపల్లి టోలులో చిన్న కారుకు ఎంతో ఏడు సీట్ల ఇన్నోవాకూ అంతే. రెండు కార్లలో వెళ్లే కుటుంబం ఒకే బండిలో వెళితే టోలు సగమే. నెలకు నాలుగుసార్లు రహదారి ఎక్కే సొంత బళ్లవారికి 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు కూడా కలిసొస్తుంది. అదే రోజు నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు.

డీజిలు ఖర్చుకు వస్తుందని తెల్ల బోర్డు బండిని పెళ్లిళ్లకు, తిరుపతికి బాడుగకు తిప్పడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. అది చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. నష్టం యజమాని ఇంటి మీదకే వస్తుంది.

చోటు చూపిస్తేనే బండి

జపాన్‌లో 1962లోనే ఒక చట్టం తెచ్చారు. బండి పెట్టుకునే చోటు ఇంటికి దగ్గర్లో ఉందని పోలీసుల నుంచి పత్రం తెస్తేనే చాలా ప్రాంతాల్లో కారు నమోదు చేస్తారు. 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం కూడా ఇలాంటి నిబంధన తెస్తామని చెప్పింది. మన పట్టణాలకు అంత దూరం వెళ్లక్కర్లేదు. నగరసభలు, పురసభలు బజారుకు దగ్గర్లో ఖాళీ జాగాలు చూసి రాత్రిపూట తక్కువ రుసుముతో బళ్లు నిలిపే ఏర్పాటు చేస్తే సగం గొడవలు తగ్గుతాయి. ఇరుకు వీధుల్లో ఒక రోజు ఒక వైపు, మర్నాడు రెండో వైపు నిలిపేలా వీధివాళ్లే మాట్లాడుకున్నా అంబులెన్సుకు దారి మిగులుతుంది.

కొనేముందు ఇవి చూసుకోండి

* బండి పేరు కంటే ముందు టేపు పట్టండి. గేటు వెడల్పు, వసారా పొడవు, వీధి మలుపు కొలవండి. తలుపు తెరిచే రెండడుగులు మరవొద్దు.
* షోరూము బండిని ఒకసారి మీ వీధిలోకే తెచ్చి నడిపి చూడమనండి. మలుపు తిరగకపోతే అక్కడే తేలిపోతుంది.
* ఏడాదిలో ఎన్ని రోజులు ఏడుగురు ఎక్కుతారో లెక్కపెట్టండి. పది పదిహేను రోజులే అయితే చిన్న కారు ఉంచుకుని, ఆ రోజులకు పసుపు బోర్డు బండి బాడుగకు తీసుకోవడమే లాభం.
* అవ్వా తాతల్ని మధ్య వరసలో కూర్చోబెట్టి ఎక్కడం, దిగడం చూడండి. ఎత్తు ఎక్కువైతే కింద మెట్టు బిగించుకోండి.
* రాత్రి బండి వీధిలో నిలపక తప్పకపోతే అద్దాలు మడవండి. ముందు అద్దం దగ్గర ఫోను నంబరు రాసి పెట్టండి. అడ్డమైతే పిలవడానికి వీలుంటుంది.

ఆ చివరి సూచనకు పైసా ఖర్చు లేదు. అర్ధరాత్రి పక్కింటాయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఆ నంబరుకు ఫోను మోగుతుంది. బండాయన లుంగీ మీదే పరుగెత్తుకొచ్చి తాళం తిప్పుతాడు. ఒక్కోసారి అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా, ఆ బండిలోనే ఎక్కించుకుని తీసుకెళతాడు. వీధికి అడ్డమని అంతదాకా తిట్టుకున్న పెద్ద బండే ఆ రాత్రి వీధికంతటికీ ఆసరా అవుతుంది. ఏడు సీట్ల బండి ఉన్నవాళ్లు ఇరుగుపొరుగుకు దారి వదిలితే చాలు. అవసరానికి ఆ బండి తమది కూడా అన్న ధీమా వీధికి ఉంటుంది.